చార్జింగుకి ఆగిన ఇల్లు

నా ఎడమచేతి మణికట్టు మా ఇంటి మెట్ల మీదే విరిగింది. వానకి తడిసిన మెట్టు, చంకలో చీరల మూట, కాలికి అరిగిపోయిన చెప్పు. మూట తడవకుండా చూసుకోవాలన్న ధ్యాసలో చెయ్యి ఎలా మడతపడిందో నాకు తెలియలేదు. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు గానీ, వేళ్ళలోకి పట్టు తిరిగి రాలేదు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకోగలను, తలుపు గడియ తీయగలను, హ్యాండిల్ మీద చెయ్యి ఆనించగలను. గట్టిగా పిండమంటే మాత్రం వేళ్ళు మాట వినవు. నరం దెబ్బతిందనీ, ఇంతకంటే బాగవుతుందని తాను చెప్పలేననీ డాక్టరుగారు మెల్లగా చెప్పారు.

మాది చీరాల. నాన్న చివరిదాకా మగ్గం మీదే ఉన్నాడు. నేనూ కొన్నేళ్ళు నేశాను గానీ ఒకచోట కూర్చోవడం నా వల్ల కాలేదు. మా వీధిలో నేసిన చీరలే మూటగట్టుకుని పర్చూరు, ఇంకొల్లు వైపు మిరప ఊళ్ళలోనూ పత్తి ఊళ్ళలోనూ తిరిగి అమ్ముకోవడం మొదలుపెట్టాను. మొదట సైకిలు, తర్వాత చిన్న మోటారు సైకిలు. దాని వెనక రెండు మూటలు పట్టేలా ఇనప చట్రం వెల్డింగు చేయించుకున్నాను. పాతికేళ్ళుగా నా బతుకంతా ఆ చట్రం మీదే తిరిగింది.

చెయ్యి అలా అయ్యాక బండి తీద్దామని చూస్తే, క్లచ్ నొక్కడానికి వేళ్ళకి బలం చాలలేదు. కుడిచేత్తో నొక్కి, కాలితో గేరు వేసి, మళ్ళీ కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీదికి తెచ్చేలోపు బండి ఆగిపోయేది. మా ఆవిడ అరుగు మీద నుంచి అంతా చూసి, కొంగు నడుముకి బిగించి వచ్చి వెనకాల కూర్చుంది.

"క్లచ్ నేను నొక్కుతాను. గేరు మీరు వెయ్యండి" అంది.

"అంత తేలిక కాదే."

"ముప్ఫై ఏళ్ళు మగ్గం దగ్గర మీ అమ్మకి చేతి కింద పనిచేశాను. ఇదొక లెక్కా?"

నా చంక కింద నుంచి చెయ్యి పోనిచ్చి క్లచ్ పట్టుకుంది. నేను "నొక్కు" అన్నాను, నొక్కింది. గేరు వేశాను. "మెల్లగా వదులు" అంటే "ఇప్పుడా?" అని అడుగుతూనే టక్కున వదిలేసింది. బండి గుర్రంలా ఎగిరి ఎదురింటి ముగ్గులోకి వెళ్ళి ఆగిపోయింది. ఎదురింటావిడ ముగ్గు డబ్బాతో అలాగే నిలబడిపోయింది. మా ఆవిడకి నవ్వాగలేదు. నా వీపుకి నుదురానించి నవ్వుతూనే ఉంది. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయాక ఇద్దరం బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చాం. 

గేర్లు లేని స్కూటరు కొనుక్కోమని అందరూ అన్నారు. షాపుకి వెళ్ళి చూశాను కూడా. నా రెండు మూటలు దాని మీద నిలబడే దారి కనిపించలేదు. పైగా పొలాల గట్ల దారుల్లో, నల్లరేగడి బురదలో ఆ చిన్న చక్రాలు దిగబడిపోతాయని నా భయం. అప్పుడు మా వీధికి నూలు తెచ్చే ఆయన ఒక మాట చెప్పాడు. గుంటూరులో పెట్రోలు బండి ఇంజను తీసేసి, ప్రభుత్వం ఒప్పుకున్న కిట్టుతో కరెంటు బండిగా మార్చే షాపు ఉందట.

"క్లచ్ ఉండదు, గేరు ఉండదు. కుడిచేత్తో తిప్పడమే. నీ చట్రం ఎక్కడికీ పోదు" అన్నాడు.

మా ఆవిడ వైపు చూశాను. "బండి అదే ఉంటుందా?" అని అడిగింది.

"పైన అదే. లోపల వేరు."

"అయితే వెళ్ళి రండి" అంది.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి గుంటూరు తీసుకెళ్ళాను. షాపతను ముప్ఫై దాటినవాడు. నా చెయ్యి పట్టుకుని, తన వేళ్ళని నా గుప్పిట్లో పెట్టి, "నొక్కండి అంకుల్, ఎంత నొక్కగలరో చూద్దాం" అన్నాడు. నొక్కాను. తల ఊపాడు గానీ జాలి మాటలేమీ అనలేదు. "హారను ఎడమ బొటనవేలి కింద ఉంది. దాన్ని కుడివైపుకి మారుస్తా. వెనక బ్రేకు ఎలాగూ కుడికాలికే ఉంది. ఎడంచెయ్యి ఊరికే ఆనించుకోండి చాలు" అన్నాడు.

ఇంజను దించుతుంటే పక్కనే నిలబడ్డాను. నాలుగు బోల్టులు విప్పి, ఇద్దరు పట్టుకుని గోనెపట్టా మీద పెట్టారు. నూనె ఓడుతూ, మట్టి అట్టలు కట్టి, ఇంత చిన్నదిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఎన్ని ఎండల్లో దాని మీద కాలు పెట్టి తన్నానో. ఇంటికి తీసుకెళ్తారా, ఇక్కడే వదిలేస్తారా అని అడిగారు. మొదట వదిలేస్తానన్నాను, బయటికొచ్చి టీ తాగి, మళ్ళీ లోపలికెళ్ళి తీసుకెళ్తానన్నాను. అతను నవ్వి, "చాలామంది ఇలాగే మనసు మార్చుకుంటారండీ" అన్నాడు.

ఇంజను ఉన్న చోట బ్యాటరీ పెట్టె పెట్టారు. మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది, గొలుసు కూడా లేదు. పెట్రోలు ట్యాంకు అలాగే ఉంచి మూత కింద చార్జింగు ప్లగ్గు అమర్చారు. పక్కకి పొడుచుకొచ్చే పొగగొట్టం లేకపోయేసరికి బండి ఒకవైపు బోసిగా అనిపించింది. రిజిస్ట్రేషను కార్డు మీద పెట్రోలు అన్న మాట తీసేసి ఎలక్ట్రిక్ అని మార్పించుకునే కాగితాల పని కొంత ఆలస్యమైంది. అది అయ్యాకే నడిపాను.

ఇంటికి తెచ్చిన రోజున మా ఆవిడ బండి చుట్టూ తిరిగి చూసింది. "స్టార్టు చెయ్యండి" అంది.

"అయింది."

"ఏదీ?"

కుడిచెయ్యి కొద్దిగా తిప్పాను. బండి చప్పుడు లేకుండా ముందుకి కదిలింది. ఆవిడ "అమ్మో" అని రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత తనే వచ్చి వెనకాల ఎక్కింది. ఎదురింటి ముగ్గు జోలికి పోకుండా వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాం.

మళ్ళీ ఊళ్ళు తిరగడం మొదలైంది గానీ కొత్త చిక్కొకటి వచ్చి పడింది. ఇదివరకు నా బండి చప్పుడు వినగానే ఆడవాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇంటి ముందు నిలబడ్డా ఎవరికీ తెలియడం లేదు. ఒక ఊళ్ళో నా ముందే ఒకావిడ పక్కింటావిడతో, "చీరలాయన ఈ మధ్య రావడమే మానేశాడు" అంటోంది. "ఇక్కడే ఉన్నానమ్మా" అంటే ఉలిక్కిపడింది. చివరికి పాతకాలం మూటలవాళ్ళలాగా గొంతెత్తి "చీరలమ్మా, చీరలు" అని కేక వెయ్యక తప్పలేదు. మొదటి రోజుల్లో సిగ్గేసేది. ఎవరూ లేని పొలం దారిలో ఒకటి రెండుసార్లు అని చూసుకుని, ఆ తర్వాత ఊళ్ళోకి వెళ్ళేవాణ్ణి.

ఇక నేను చెప్పదలచుకున్నది పర్చూరు దాటాక ఉండే ఒక ఊళ్ళోని ఇంటి గురించి. ఆ ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. మిరప రైతు కుటుంబం. పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి దగ్గరి ఊళ్ళలోనే ఉన్నారు. నన్ను తమ్ముడూ అని పిలుస్తుంది, నేను అక్కయ్యా అంటాను. ఎన్నో ఏళ్ళుగా మా బేరమంతా వాళ్ళ వసారా మీదే. నేను మూట విప్పడం, ఆవిడ అంచు వేలికి చుట్టి చూడటం, ఒకటో రెండో తీసుకోవడం, నేను మజ్జిగ తాగి లేవడం. అంతకు మించి ఆ ఇంట్లోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆవిడ భర్తకి పక్షవాతం వచ్చిందని మాత్రం ఊళ్ళో విన్నాను. ఒకప్పుడు ఆయన గొంతు వీధి మొదట్లోకే వినపడేది. జబ్బు చేశాక లోపలి గదిలో దగ్గు తప్ప ఏమీ వినపడటం లేదు. ఎలా ఉన్నారని అడిగితే ఆవిడ "ఉన్నారయ్యా" అనేది. ఆ మాట అన్నాక చీరల మీద చూపు తిప్పేసేది.

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులవి. ఆ పూట ఎదురుగాలి. మూటలు రెండూ నిండుగా ఉన్నాయి. దారిలో ఇంకో ఊరివాళ్ళు పెళ్ళి చీరలు చూడాలని పిలిస్తే అటు కూడా వెళ్ళాను. ఆ ఊరి నుంచి బయటపడేసరికి బ్యాటరీ గీతల్లో ఒక్కటే మిగిలింది. అదీ ఆరుతూ వెలుగుతోంది. పెట్రోలయితే ఏ కొట్టులోనో సీసాలో దొరికేది. కరెంటు ఎవరిని అడగాలి? అక్కయ్య ఇల్లు దగ్గరే ఉందని గుర్తొచ్చి, బండిని ముక్కుతూ మూలుగుతూ అక్కడిదాకా తెచ్చాను.

"అక్కయ్యా, ఇవాళ చీరలకి రాలేదు. కాస్త కరెంటు కావాలి" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. బండి చూపించి, సెల్‌ఫోనుకి పెట్టినట్టే దీనికీ పెట్టాలని చెప్పాను. ఆవిడ నవ్వింది. "బండికి చార్జింగా! పెట్టుకో నాయనా, దానికేం." వసారాలో ఉన్న ప్లగ్గులో పెడితే అది పనిచెయ్యలేదు. వంటింట్లో మిక్సీ ప్లగ్గు దాకా వైరు అందదు. అందేది ఒక్కటే, లోపలి గది కిటికీ పక్కనున్న ప్లగ్గు. ఆవిడ తటపటాయించింది. కొంగుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, "ఆ గదిలో ఆయనుంటారు" అంది గొంతు తగ్గించి.

"వద్దులే అక్కయ్యా, ఇంకెవరినైనా అడుగుతాను" అంటుండగానే కిటికీలోంచి మాట వినపడింది. ముద్దముద్దగా, తడిగా ఉంది గానీ మాటే.

"ఎవ్వరూ?"

"చీరలాయనండీ. బండికి కరెంటు కావాలంట."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "ఇవ్వు" అని వినపడింది.

బండిని కిటికీ కిందకి తోసి, ఇటుకంత చార్జరు గట్టు మీద పెట్టి, వైరు ఊచల మధ్య నుంచి లోపలికి ఇచ్చాను. అక్కయ్య ప్లగ్గు పెట్టింది. చార్జరులో చిన్న ఫ్యాను గుర్రుమంది. ఊచల వెనక మంచం మీద మనిషి కనిపించాడు. గడ్డం పెరిగింది, ఎడమచెయ్యి ఒళ్ళో మడిచి పెట్టుకుని ఉన్నాడు, ఎవరిదో వస్తువు దాచుకున్నట్టు. నన్ను చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నేనూ చూపు తప్పించి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాను.

గంటలో వెళ్ళిపోదామనుకున్నాను. ఇంతలో కరెంటు పోయింది. ఆ రోజు పోయిన కరెంటు చాలాసేపటికి గానీ రాలేదు. మధ్యాహ్నమైంది. అక్కయ్య అన్నం తినమంది. వద్దంటే వినలేదు. గోంగూర, ముద్దపప్పు, ఊరమిరపకాయలు. నా కుడిచేత్తో తింటూ, ఎడమచేత్తో కంచం జరుపుకోబోయి అది జారి, నీళ్ళ చెంబుకి తగిలింది. నీళ్ళన్నీ ఒలికిపోయాయి. "ఈ చెయ్యి నా మాట వినదక్కయ్యా" అని వివరంగా చెప్పాను. మణికట్టు, వేళ్ళు, క్లచ్, మా ఆవిడ వెనక కూర్చుని క్లచ్ వదలడం, ఎదురింటి ముగ్గు. అక్కయ్య నవ్వింది. లోపలి నుంచి కూడా ఒక చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నాను. అక్కయ్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆయన నవ్వుతున్నాడు.

"క్లచ్... లేదా?" అన్నాడు లోపలి నుంచి.

"లేదండీ బావగారూ, పీకేశారు" అన్నాను. అక్కయ్య భర్త బావగారే కదా, నోట్లోంచి అలా వచ్చేసింది.

"బావ... గారా!" అని మళ్ళీ నవ్వాడు.

కరెంటు వచ్చాక బండి నిండేదాకా కిటికీ దగ్గరే నిలబడి ఆయన అడిగినవన్నీ చెప్పాను. ఒక్కో మాట కూడగట్టుకుని అడిగేవాడు. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనేవాణ్ణి. అలా అడిగితే ఆయనకి కోపం రాలేదు, నేను అర్థమైనట్టు తల ఊపినప్పుడే కోపం వచ్చింది. "అర్థం... కాలేదు... నీకు" అని కళ్ళెర్రజేశాడు. నిజమే, కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను.

వచ్చే దారిలో బండి సాఫీగా పరుగెత్తింది గానీ నా మనసంతా ఆ కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. "మళ్ళీ ఎప్పుడెళ్తారు?" అంది.

"చార్జింగు అవసరమైతే."

"అవసరమయ్యేలాగే వెళ్ళండి" అంది.

అప్పటి నుంచి ఆ వైపు వెళ్ళే రోజున మధ్యాహ్నానికి అక్కడికి చేరేలా ఊళ్ళ వరస మార్చుకున్నాను. పెట్రోలు బండి ఉన్నప్పుడు ఎక్కడా అరగంటకి మించి ఆగింది లేదు. ఇప్పుడు ఆగక తప్పదు. మొదట్లో కిటికీ దగ్గర మాటలే. తర్వాత ఒక రోజు వెళ్ళేసరికి ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, గడ్డం గీయించుకుని. కిటికీ ఊచల్లోంచి బండి సగమే కనిపిస్తోందట, మొత్తం చూడాలట. అక్కయ్య నాకు వంటింటి గుమ్మంలో చెప్పింది: "పొద్దున్నే లేచి కూర్చున్నారు తమ్ముడూ. డాక్టరు నడవమంటే నడవలేదు. కూతురు ఏడిస్తే నడవలేదు. ఈ బండి చూడ్డానికి కర్ర అడిగారు."

"మంచిదే కదక్కయ్యా."

"మంచిదే. ఇన్నాళ్ళూ నేనడిగితే ఎందుకు కాలేదో" అంది. కళ్ళు తుడుచుకోలేదు, ఉల్లిపాయ తరుగుతూనే ఉంది. ఆ మాటలో సంతోషం ఎంతో, నొప్పీ అంతే ఉంది. నేను మంచినీళ్ళు అడిగాను.

ఆయన బయటికి రాకపోవడానికి కారణం కాళ్ళు కాదని మెల్లగా తెలిసింది. మాట. ఊళ్ళో పంచాయితీ ఏదైనా ఆయన నోటి మాటతోనే తేలిపోయేదట. ఆ నోట్లోంచి ఇప్పుడు మాటతోపాటు చొంగ కూడా వస్తుంటే జనంలోకి ఎలా రావాలి? "వీధి పిల్లలు... నవ్వారు... ఒకసారి" అన్నాడు. భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. 

కల్లంలో కాయలు ఎండుతున్నాయి. ఇంటి పక్క ఖాళీ జాగాలో పట్టాల మీద ఎర్రగా పరిచి ఉన్నాయి, ఆడకూలీలు కూర్చుని తెల్లబారిన తాలుకాయ ఏరుతున్నారు. గాలికి ఘాటు వచ్చి నాకు తుమ్ములు. ఒక రోజు వాళ్ళు అన్నాలకి వెళ్ళిన సమయంలో ఆయన బండి వైపు చూపించి, "నేను... తిప్పుతా" అన్నాడు.

 "వద్దు బావగారూ" అన్నాను.  ఆయన ముఖం మొదటి రోజు లాగా గోడ వైపు తిరిగింది. ఆ తిరగడం నేను తట్టుకోలేకపోయాను. మూటలు రెండూ దించేశాను.  చార్జరు తీసి బండిని కల్లం అంచుకి తోశాను. ఆయన్ని కర్రతో నడిపించుకొచ్చి, కుడికాలు అవతలికి వేయించి ముందు కూర్చోబెట్టాను. వెనక నేను కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి ఆనించాను. ఎడమ హ్యాండిల్ మీద నా ఎడమచెయ్యి. కుడి హ్యాండిల్ మీద ఆయన చెయ్యి, దాని మీద నా చెయ్యి, వేళ్ళు బ్రేకు మీద. రెండు ఎడమచేతులూ పనికిరానివే. పనంతా ఒకే హ్యాండిల్ మీదున్న రెండు కుడిచేతులదే.

"కొంచెమే. వెంట్రుకంత" అన్నాను.

తిప్పాడు. బండి కదిలింది. మనిషి నడిచేటంత మెల్లగా, కాయల పట్టాల మధ్య దారిలో, నా చెప్పులు రెండు వైపులా నేల మీద రాసుకుంటూ. ఆయన వీపు బిగుసుకుపోయి ఉంది. నాలుగు గజాలు వెళ్ళేసరికి ఆ బిగువు వదిలింది. కల్లం చివర తిప్పేటప్పుడు చక్రం పట్టా అంచు మీదికెక్కి కాయలు కరకరలాడాయి.

"ఏవండీ! ఏం పనది? పడతారు! కాయ తొక్కుతున్నారు!" అక్కయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి. "నీకైనా బుద్ధుండక్కర్లా తమ్ముడూ?"

నేను బ్రేకు నొక్కాను. ఆయన నవ్వుతున్నాడు, చొంగ గడ్డం మీదికి కారుతున్నా పట్టించుకోలేదు. "పోనీ... పోనీ" అంటున్నాడు నాతో. అక్కయ్య మా ముందుకొచ్చి నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచి, ఆయన ముఖం చూసి, పిండి చేతులతోనే ఆయన గడ్డం తుడిచింది. గడ్డమంతా తెల్లగా అయింది. "ఒక్కసారే. ఇంకొక్కసారి చాలు" అంది. ఇంకోసారి తిరిగాం. ఆవిడ పక్కనే, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి నడిచింది.

ఆయన మళ్ళీ బండి నడుపుతాడని నేను ఎవరికీ ఆశ పెట్టలేదు. అది జరిగే పని కాదని ఆయనకే ముందు తెలిసింది. మళ్ళీ వెళ్ళినప్పుడు, "వెనక... కూర్చుంటా. చేను" అన్నాడు. జబ్బు చేశాక రెండు పంటలు వచ్చి వెళ్ళాయి, ఆయన చేను మొహం చూడలేదు. సేద్యమంతా అక్కయ్యే చేయించింది.

నెల తర్వాత వెళ్ళాం. మధ్యలో ఆయన రోజూ వసారాలో నడిచాడు. బయల్దేరే ముందు లుంగీ వద్దని, పంచె కావాలన్నాడు. ఒంటిచేత్తో కట్టుకోలేడు. అక్కయ్య కడుతుంటే నేను బండి వైపు తిరిగి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. మూటలు ఆ పూట వాళ్ళింట్లోనే వదిలేశాను. ఆయన్ని వెనక ఎక్కించి, నా నడుముకీ ఆయన నడుముకీ కలిపి అక్కయ్య ఒక తువ్వాలు గట్టిగా కట్టింది. "ఎవరైనా చూస్తే నవ్వుతారు" అన్నాను. "నవ్వనీ" అన్నాడాయన. ఆ మాట ఒక్కచోట కూడా ఆగకుండా వచ్చింది.

డొంక దారిలో మెల్లగా పోతుంటే బండి చప్పుడు లేకపోవడం వల్ల ఆయన మాట నాకు చక్కగా వినపడింది. ఎవరి చేను ఏదో చెబుతున్నాడు. పత్తి పీకేసిన చేలు, శనగ కోసేసిన చేలు. ఒకచోట ఆపమన్నాడు. ఎవరిదో మిరపతోట పురుగు పట్టి ముడుచుకుపోయి ఉంది. చూసి, "పాపం" అన్నాడు. మళ్ళీ పోనిమ్మన్నాడు.

వాళ్ళ చేలో చివరి కోత నడుస్తోంది. గట్టు మీద బండి ఆపేదాకా ఎవరూ మమ్మల్ని గమనించలేదు. మొదట ఒక పెద్దావిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచి చూసింది. "అయ్యో, పెద్దాయనొచ్చాడే! ఒసేయ్, పెద్దాయనొచ్చాడే!" అని కేకేసింది. అందరూ లేచారు. ఆయన తువ్వాలు విప్పమన్నాడు. కర్ర పట్టుకుని, నా భుజం పట్టుకుని, సాలు మొదట్లో నిలబడ్డాడు. ఎవరో ఎలా ఉన్నారు పెద్దయ్యా అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు. చూపు చెట్ల మీదే ఉంది. వంగలేడు గనక కర్రతో ఒక మొక్కని పక్కకి ఒత్తి చూశాడు.

"పండుకాయ... వదిలేశారేంటే... ఈ సాలులో?" అన్నాడు గట్టిగా. మాట ముద్దగానే ఉంది. చొంగ కారుతూనే ఉంది. అయినా గొంతు పెద్దది.

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పెద్దావిడే నోరు తెరిచింది. "మొన్నొచ్చిన కొత్తోళ్ళు కోసిన సాలయ్యా అది. ఇప్పుడే ఏరిస్తాం." ఇద్దరు అటు వెళ్ళారు. ఎవరూ నవ్వలేదు.

అక్కయ్య మా వెనకాలే నడిచి వచ్చింది, ఎండకి కొంగు కప్పుకుని. ఆయన ఆవిడతో కాయ సైజు తగ్గిందనీ, నీళ్ళు ఒక తడి తక్కువ పెట్టారనీ మొదలెట్టాడు. ఆవిడ కాసేపు విని, "ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే చేయించాను. తడి ఎందుకు తగ్గిందో, బోరు ఎప్పుడు కాలిందో మీరెప్పుడన్నా అడిగారా?" అంది.  కూలీలు తలలు వంచుకుని కాయ కోస్తున్నారు.  ఆయన గట్టు మీద కూర్చుని, పక్కన నేల మీద కుడిచేత్తో తట్టాడు. ఆవిడ కూర్చుంది.

"చెప్పు" అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. బోరు మోటారు కాలిన రోజు నుంచి. నేను బండి దగ్గరికి వచ్చి, చెట్టు నీడలో నిలబడ్డాను. ఎండ నెత్తి మీదికొచ్చినా వాళ్ళు లేవలేదు. ఆయన మధ్యమధ్య ఏదో అడుగుతున్నాడు, ఆవిడ చేతులతో చూపిస్తూ చెబుతోంది.  తిరుగు ప్రయాణంలో ఆయన నా వీపు మీద తల వాల్చాడు. అక్కయ్యని మాతోపాటు ఎక్కించుకునే వీలు లేదు, తను నడిచే వస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ నడకకి సరిపోయేంత మెల్లగా నడపమన్నాడు. అలాగే నడిపాను.

ఇప్పుడు ఆయన్ని, ఆ ఊళ్ళోనే ఉన్న బావమరిది వరసయ్యే ఒకతను రోజూ సాయంత్రం బండి మీద ఎక్కించుకుని టీ కొట్టు దాకా తీసుకెళ్తున్నాడు. మాట పెద్దగా బాగుపడలేదు. ఊళ్ళోవాళ్ళు ఆగి వినడం నేర్చుకున్నారు. నా బండి పాత బరువు లాగుతోంది గానీ, కొత్తలో వచ్చినంత దూరం రావడం లేదు. చార్జింగు ఇంకాస్త ఎక్కువసేపు పెట్టాల్సి వస్తోంది. ఆ సంగతి చెబితే మా ఆవిడ కొత్త బ్యాటరీ మాటెత్తలేదు. అక్కయ్యకని కొబ్బరుండలు డబ్బాలో సర్ది, "తొందరపడి రాకండి" అంది.